నడివయసులో కాళ్ళు తడబడితే అది వయసు కాదు, కారణం వెతకాలి

(చింతలపూడి రైతు సదస్సులో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



మన సభల్లో గిట్టుబాటు ధర, కౌలు కార్డులు, ఎత్తిపోతల నీళ్ళు, పామాయిల్ గెలల రేటు గురించి మాట్లాడుకుంటూ ఉంటాం. ఈ వేళ ఒంటి సంగతి మాట్లాడుకుందాం. భూమి కౌలుకు దొరుకుతుంది, పెట్టుబడి అప్పుకు దొరుకుతుంది. ఒళ్ళు మాత్రం ఎవరిది వారే తెచ్చుకోవాలి.

ఏ ఊళ్ళోనైనా చూడండి. నలభై అయిదు, యాభై ఏళ్ళ మనిషి. నిన్నమొన్నటిదాకా ఎరువు కట్ట భుజాన వేసుకుని గట్టు మీద నడిచినవాడు. ఏడాది తిరిగేసరికి అదే గట్టు మీద తూలుతుంటాడు. నడుస్తుండగా కాలి చెప్పు ఊడిపోయినా తెలియదు. కింద కూర్చుంటే చెయ్యి ఊనందే లేవలేడు. ఇంట్లోవాళ్ళు "వయసు మీద పడింది" అంటారు. పక్కవాళ్ళు "తాగుడు" అంటారు, తాగని మనిషైనా సరే. ఇంకొకరు "గాలి సోకింది" అంటారు. ఆడవాళ్ళకైతే ఆ మాత్రం ఆరా కూడా ఉండదు. "నీరసం" అన్న ఒక్క ముక్కతో సరిపెడతారు.

ఆ మనిషి మొదట ఊళ్ళో సూది వేయించుకుంటాడు. తర్వాత పసరు మందు. తర్వాత పట్నం వెళ్ళి స్కానింగు. బంగారం బ్యాంకుకు వెళుతుంది, అర ఎకరం బేరానికి వస్తుంది. ఇంత అయ్యాక కూడా జబ్బు పేరేమిటంటే చెప్పలేరు. అందుకే ఈ వేళ మనం గట్టిగా అనుకోవలసిన మాట ఒకటుంది. నడివయసులో కాళ్ళ బలం తగ్గిపోవడం వయసు లక్షణం కాదు. దానికి కారణం ఉంటుంది. చాలా కారణాలు తక్కువ ఖర్చు పరీక్షలతోనే బయటపడతాయి. కొన్ని పూర్తిగా నయమవుతాయి, కొన్నింటిని ఉన్నచోట ఆపవచ్చు. మరికొన్ని మన పొలం పనిలోంచి, మనం తాగే నీళ్ళలోంచి వస్తాయి. వాటిని ఎవరి ఇంట్లో వాళ్ళు భరిస్తూ కూర్చోకూడదు, సంఘం పట్టించుకోవాలి.

మోటారు తిరగకపోతే ఏం చేస్తాం?

బోరు మోటారు తిరగడం లేదనుకోండి. పాతబడిందిలే అని వదిలేయం కదా. ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ఫీజు చూస్తాం. లైను చూస్తాం. సర్వీసు వైరు, స్టార్టరు, ఆ తర్వాత మోటారు చూస్తాం. వోల్టేజి ఎంత వస్తోందో చూస్తాం. ఒంటిని కూడా అదే వరసలో చూడాలి. మెదడు, వెన్నుపాము మెయిన్ లైను. అక్కడినుంచి కాళ్ళకు, చేతులకు వెళ్ళే నరాలు సర్వీసు వైర్లు. నరం వచ్చి కండరాన్ని కలిసే చోటు స్టార్టరు. కండరం మోటారు. రక్తంలో ఉండే పొటాషియం, థైరాయిడ్ లాంటివి వోల్టేజి.

మెయిన్ లైనులో తేడా వస్తే కాళ్ళు కర్రల్లా బిగుసుకుపోతాయి. మోకాలు తేలిగ్గా వంగదు. చొక్కా గుండీ పెట్టుకోవాలన్నా, నారు విడదీయాలన్నా వేళ్ళు మాట వినవు. మూత్రం ఆపుకోలేకపోవడం మొదలవుతుంది. నడివయసు దాటినవారిలో దీనికి ముఖ్యమైన కారణాల్లో ఒకటి మెడ ఎముకలు అరిగి వెన్నుపామును నొక్కడం. మెడ నొప్పి ఏమాత్రం లేకుండా కూడా ఇది రావచ్చు. కాళ్ళ బలహీనత కదా అని నడుముకు మాత్రమే స్కాన్ తీయించి, మెడను వదిలేస్తే జబ్బు దొరకదు. పామాయిల్ గెలలు కోసేవాళ్ళు గంటల తరబడి తల వెనక్కి వాల్చి పని చేస్తారు. తలమీద బరువులు మోసేవాళ్ళు మనలో ఎందరో ఉన్నారు. కాబట్టి డాక్టరు అడగకపోయినా మెడ సంగతి మనమే ఎత్తాలి. సకాలంలో ఆపరేషన్ జరిగితే జబ్బు ముదరకుండా ఆగుతుంది, కొందరికి బలం తిరిగి వస్తుంది. ఎడతెగని నడుము నొప్పి, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం కలిసి ఉంటే వెన్నెముక క్షయ అయి ఉండవచ్చు. దానికి మందులు ప్రభుత్వాసుపత్రిలో ఉచితం.

సర్వీసు వైర్లు, అంటే నరాలు దెబ్బతింటే పాదాల్లో తిమ్మిర్లు, మంటలు, మొద్దుబారడం ముందు వస్తాయి. చెప్పు ఊడినా తెలియకపోవడం ఇందులోదే. షుగరు జబ్బు మొదటి కారణం. షుగరు ఉన్నట్టు తెలియకుండానే ఏళ్ళు గడిపినవాళ్ళకు పాదాల మంటే మొదటి గుర్తు కావచ్చు. రెండోది విటమిన్ బి12 లోపం. మాంసం, గుడ్లు, పాలు పెద్దగా తినని వారికి, షుగరుకు మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడేవారికి, కడుపు మంటకు రోజూ గోళీ మింగేవారికి ఇది వచ్చే అవకాశం ఎక్కువ. ముఖం కడుక్కుంటూ కళ్ళు మూసుకున్నప్పుడు తూలడం, చీకట్లో నడవలేకపోవడం దీని గుర్తులు. మొదట్లో పట్టుకుంటే ఖరీదు లేని సూదులతో సరిపోతుంది. ఆలస్యమైతే ఆ నష్టం ఉండిపోతుంది. ఎక్కువగా తాగేవారికి కూడా నరాలు దెబ్బతింటాయి. తాగుడును మానిపించాల్సిందే, కానీ "తాగుబోతు" అని ముద్ర వేసి పరీక్ష మానేయకూడదు. ఒంటిమీద స్పర్శ లేని మచ్చ ఉండి పాదం వేలాడుతుంటే కుష్ఠు కావచ్చు. దానికి కూడా మందు ఉచితం, పూర్తిగా నయమవుతుంది. దాచుకుంటేనే వైకల్యం మిగులుతుంది.

స్టార్టరు దగ్గర వచ్చే జబ్బు ఒకటుంది. పొద్దున బాగానే ఉంటారు, సాయంత్రానికి నీరసించిపోతారు. కనురెప్పలు వాలిపోతాయి, ఒకటి రెండుగా కనబడుతుంది, ముద్ద మింగడం కష్టమవుతుంది. దాని పేరు మయస్థీనియా. మందులతో బాగా అదుపులోకి వస్తుంది. పేరు తెలియనంతకాలం దాన్ని "సోమరితనం" అనుకుంటారు.

మోటారు, అంటే కండరం దెబ్బతింటే పిరుదులు, తొడల బలం ముందు పోతుంది. పీట మీద నుంచి లేవలేరు, బస్సు మెట్టు ఎక్కలేరు, అరుగు ఎక్కాలంటే చేతులతో తొడలు పట్టుకోవాలి. పాదాల్లో తిమ్మిర్లు ఉండవు. విటమిన్ డి బాగా తగ్గి ఎముకలు మెత్తబడినా, థైరాయిడ్ తక్కువైనా ఎక్కువైనా ఇలా అవుతుంది. ఇక్కడ ఒక హెచ్చరిక. కీళ్ళనొప్పులకు, ఆయాసానికి వెంటనే గుణమిచ్చే సూది, పొట్లంలో కట్టి ఇచ్చే పేరులేని గోళీలు చాలాచోట్ల దొరుకుతాయి. వాటిలో స్టెరాయిడ్ ఉంటే, నెలల తరబడి వాడితే, తొడ కండరాలే కరిగిపోతాయి. నొప్పి తగ్గిందని సంబరపడుతుంటే నడక పోతుంది. అలాగని వాటిని ఒక్కసారిగా మానేయడం కూడా ప్రమాదమే. డాక్టరు సలహాతో కొంచెం కొంచెంగా తగ్గించాలి. ఒకే కుటుంబంలో అన్నదమ్ములకో, మేనమామకో ఇలాంటి బలహీనతే ఉంటే వంశపారంపర్య కండర జబ్బు అయి ఉండవచ్చు. ఆ మాట కూడా డాక్టరుకు చెప్పాలి.

ఇక వోల్టేజి. రాత్రి బాగా భోంచేసి పడుకుని, తెల్లారి లేచేసరికి కాళ్ళూ చేతులూ కదలకపోవడం, కొన్ని గంటల్లో మళ్ళీ మామూలు కావడం జరిగితే పొటాషియం పడిపోయిందేమో చూడాలి. ఇది చిన్న రక్తపరీక్షతో తేలుతుంది. తిరిగి మామూలైంది కదా అని ఊరుకోకూడదు. పొటాషియం మరీ తగ్గితే గుండెకు ప్రమాదం.

ఆగకూడని సందర్భాలు

పైన చెప్పినవాటిలో చాలా వరకు నెలలు, ఏళ్ళు తీసుకుని వచ్చేవి. కొన్ని గంటల్లో, రోజుల్లో వస్తాయి. వాటికి పసరు కోసం బండి కట్టించకండి, 108కి ఫోన్ చేయండి. ఒక పక్క చెయ్యి, కాలు పడిపోయి, మూతి వంకర పోయి, మాట తడబడితే అది పక్షవాతం. రక్తపు గడ్డను కరిగించే సూది నాలుగున్నర గంటల్లోపే పనిచేస్తుంది. విరేచనాలో జలుబో వచ్చి తగ్గిన కొద్ది రోజులకు పాదాల్లో మొదలైన బలహీనత రోజురోజుకూ పైకి పాకుతుంటే అది గిలన్‌బారే కావచ్చు. 2025 ఆరంభంలో పుణేలో ఎక్కువమందికి వచ్చి వార్తల్లో నలిగింది ఇదే. మన గుంటూరు ప్రభుత్వాసుపత్రిలోనూ అప్పట్లో కేసులు చూశాం. ఊపిరి కండరాలకు పాకకముందే ఆసుపత్రిలో ఉండాలి. ఉన్నట్టుండి రెండు కాళ్ళూ పడిపోయి, మలమూత్రాలు తెలియకుండా పోయినా అంతే.

మన పనిలో ఉన్న విషం

ఇప్పుడు మన పొలం సంగతికి వద్దాం. మనం కొట్టే పురుగుమందుల్లో పెద్ద వర్గం ఆర్గానోఫాస్ఫరస్ మందులు. మోనోక్రోటోఫాస్, క్లోరిపైరిఫాస్, ప్రొఫెనోఫాస్ ఆ కోవలోవే. పురుగును ఎలా చంపుతాయో మన ఒంట్లోనూ అదే పని చేస్తాయి. కండరం కదలమని నరం ఒక రసాయనాన్ని వదులుతుంది. పని కాగానే దాన్ని కోలినెస్టరేజ్ అనే పదార్థం తుడిచేస్తుంది. ఈ మందులు ఆ తుడిచే పదార్థాన్ని పని చేయనివ్వవు. స్టార్టరు ఆగకుండా కొట్టుకుంటుంటే మోటారు కాలిపోయినట్టు, కండరం అదిరి అదిరి చివరికి చచ్చుబడుతుంది. నోట్లో నీళ్ళూరడం, చెమటలు, కళ్ళు మసకబారడం, వాంతులు, కండరాలు అదరడం అప్పటికప్పుడు కనిపించే గుర్తులు.

మనలో చాలామందికి తెలియని మరో దశ ఉంది. ఈ వర్గంలో కొన్ని మందులు ఎక్కువగా ఒంటికి పట్టినా, కడుపులోకి పోయినా, ఆసుపత్రిలో బతికి ఇంటికి వచ్చిన రెండు మూడు వారాలకు పిక్కలు పట్టేస్తాయి. పాదాలు మొద్దుబారతాయి. పాదం పైకి లేవక నేలకు రాసుకుంటుంది. అప్పటికి మందు కొట్టిన సంగతి అందరూ మరిచిపోతారు. ఇదే కుటుంబానికి చెందిన ఒక పారిశ్రామిక రసాయనం వంటనూనెలో కలవడంతో 1988లో కలకత్తాలోని బెహాలాలో వందలమంది కాళ్ళు చచ్చుబడి మంచాన పడ్డారు. అందువల్ల విషప్రయోగం నుంచి బయటపడ్డ మనిషిని నెల రోజులపాటు నడిపించి చూస్తూ ఉండాలి.

ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా పట్టే మందు నరాలను ఎంత దెబ్బతీస్తుందన్న దానిమీద ఇంకా పరిశోధనలు జరుగుతున్నాయి. అయితే ఒకటి చెప్పుకోవాలి. చెయ్యి వణకడం, అడుగులు చిన్నవైపోవడం, ముఖంలో కదలిక తగ్గడం లక్షణాలుగా ఉండే పార్కిన్సన్స్ జబ్బు, పురుగుమందులతో పనిచేసేవారిలో ఎక్కువగా కనిపిస్తోందని అనేక పరిశోధనలు చెప్పాయి. ఫ్రాన్స్ ప్రభుత్వం 2012లో దాన్ని రైతుల వృత్తి వ్యాధిగా గుర్తించింది. అక్కడి రైతుకు దక్కిన గుర్తింపు ఇక్కడ రోజుకూలీకి మందు కొట్టే మనిషికి ఎందుకు దక్కకూడదు? సొంత పొలంలో ఏడాదికి నాలుగుసార్లు కొట్టే రైతు కంటే, సీజనంతా పది మంది పొలాల్లో ట్యాంకు మోసే కూలీకే ఎక్కువ పడుతుంది. ఆ బట్టలు ఉతికే ఇల్లాలికీ పడుతుంది.

అదే సమయంలో, మందు కొట్టాడు కాబట్టి మందే కారణం అని మనమే తేల్చేయకూడదు. అలా తేల్చేస్తే షుగరో, బి12 లోపమో, మెడలో నొక్కుడో చూడకుండా తప్పిపోతుంది. పని చరిత్ర చెప్పాలి, పరీక్షలూ చేయించాలి.

జాగ్రత్తలు అందరికీ తెలిసినవే, అయినా ఒకసారి. డబ్బా మీద ఎర్ర త్రికోణం ఉంటే అది అన్నింటికన్నా ప్రమాదకరమైనది, ఆ తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. చేత్తో కలపొద్దు. నాజిల్ మూసుకుపోతే నోటితో ఊదొద్దు. గాలికి ఎదురుగా కొట్టొద్దు. బట్టలు విడిగా ఉతకాలి. ఫోరేట్ గుళికలు, ట్రయజోఫాస్ 2018 ఆగస్టులో ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం 2020 డిసెంబరు 31తో దేశమంతా నిషేధం అయ్యాయి. పాత సరుకు ఎవరైనా అంటగడితే సంఘానికి చెప్పండి. జంగారెడ్డిగూడెం వైపు పొగాకు చేలల్లో పనిచేసేవాళ్ళకు ఇంకో మాట. తడి ఆకు నుంచి నికోటిన్ చర్మంలోకి దిగి వికారం, తల తిరుగుడు, నీరసం తెస్తుంది. మంచు ఆరాకే ఆకు కోతకు దిగాలి, ఒంటికి తడి తగలకుండా చూసుకోవాలి.

మన నీళ్ళ సంగతి

కాలువ పారని మెట్ట ఊళ్ళకు తాగేది బోరు నీరే. బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువైతే ఏమవుతుందో తెలుగు నేలకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. మన దేశంలో ఫ్లోరోసిస్ గురించి మొదటి నివేదిక 1937లో అప్పటి నెల్లూరు జిల్లా పొదిలి ప్రాంతం నుంచే వచ్చింది. తర్వాత నల్లగొండ కథ లోకానికంతా తెలిసింది. పటిక, సున్నంతో నీళ్ళను శుద్ధి చేసే విధానానికి "నల్లగొండ పద్ధతి" అనే పేరే పడింది. ఫ్లోరోసిస్ అంటే పళ్ళ గార అని మాత్రమే అనుకుంటాం. ఏళ్ళ తరబడి ఎక్కువ ఫ్లోరైడ్ తాగితే వెన్నెముక గట్టిపడి వెదురు బొంగులా అవుతుంది. ఎముక లోపలికి పెరిగి వెన్నుపామును నొక్కుతుంది. ముప్పై నుంచి యాభై ఏళ్ళ లోపే కాళ్ళు బిగుసుకుని నడక పోతుంది. వచ్చాక వెనక్కి మళ్ళించడం కష్టం, రాకుండా చూడడం తేలిక. లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకుండా ఉండాలి, వేరే దారి లేకపోతే గరిష్ఠంగా 1.5 అని మన దేశ ప్రమాణం. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు. ఒక్కో బోరు ఒక్కోలా ఉంటుంది కాబట్టి పక్క ఊరి బోరు బాగుందని మన బోరు బాగున్నట్టు కాదు. పరీక్ష చేయించాల్సిందే.

ఏలూరు చెప్పిన పాఠం

2020 డిసెంబరు మొదటి వారంలో ఏలూరు వన్‌టౌన్‌లో జనం ఉన్నట్టుండి మూర్ఛ వచ్చి పడిపోవడం మనమెవరం మరిచిపోలేదు. కొద్ది రోజుల్లోనే ఆరు వందల మందికి పైగా ఆసుపత్రికి చేరారు. ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షల్లో బాధితుల రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. నిపుణుల బృందాలు పురుగుమందుల అవశేషాల వైపు వేలు చూపాయి. అది మూర్ఛ జబ్బు, మనం మాట్లాడుతున్న బలహీనత వేరు. కానీ ఒక తేడా గమనించండి. ఆరు వందల మంది ఒక్క వారంలో, ఒక్క ఊళ్ళో పడిపోయారు కాబట్టి ఢిల్లీ నుంచి డాక్టర్లు వచ్చారు, నీళ్ళు, పాలు, కూరగాయలు అన్నీ పరీక్షించారు. అదే ఆరు వందల మంది పదేళ్ళలో, రెండు వందల ఊళ్ళలో, ఒక్కొక్కరుగా కుంగిపోతే ఎవరూ రారు. ఎందుకంటే వాళ్ళను కలిపి లెక్కపెట్టినవాళ్ళు లేరు. ఆ లెక్క సంఘం చేయాలి.

ఏం చేయాలి?

ముందు ఇంటి స్థాయిలో. డాక్టరు దగ్గరకు వెళ్ళే ముందు ఒక కాగితం మీద నాలుగు సంగతులు రాసుకోండి. ఎప్పుడు మొదలైంది, గంటల్లోనా, నెలల్లోనా? ఎక్కడ మొదలైంది, పాదాల్లోనా, తొడల్లోనా, ఒక పక్కనా? తిమ్మిర్లు ఉన్నాయా? ఏ పని చేస్తారు, ఏ మందులు కొట్టారు, ఏ గోళీలు వాడుతున్నారు, ఏ నీళ్ళు తాగుతున్నారు? గోళీల పొట్లాలు, పురుగుమందు డబ్బా పేరు తీసుకెళ్ళండి. మొదట చేయించాల్సినవి రక్తపరీక్షలు: షుగరు, రక్తం శాతం, థైరాయిడ్, పొటాషియం, కాల్షియం, కిడ్నీ, బి12, విటమిన్ డి, కండరాలకు సీపీకే. వీటితో తేలకపోతే నరాల వేగం చూసే పరీక్ష. ఎంఆర్ఐ డాక్టరు ఒంటిని చూసి ఏ చోట తీయాలో చెప్పాకే. ఈ వరస తప్పితే వేలు ఖర్చవుతాయి, జబ్బు దొరకదు.

కొన్ని జబ్బులకు ఇప్పటికీ మందు లేదన్నది నిజం. కండరాలు కరిగిపోయే మోటార్ న్యూరాన్ జబ్బు అలాంటిది. అప్పుడైనా పేరు తెలియడం లాభమే. పేరు తెలిస్తే "పూర్తిగా నయం చేస్తాం" అని లక్షలు అడిగేవాడికి పొలం అమ్మి పెట్టం. ఉన్న డబ్బు మనిషి సౌకర్యానికి, పిల్లల చదువుకు మిగులుతుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఉన్న 21 రకాల వైకల్యాల్లో కండర క్షీణత, పార్కిన్సన్స్, దీర్ఘకాల నరాల జబ్బులు కూడా ఉన్నాయి. సదరం ధ్రువపత్రంలో 40 శాతం వస్తే నెలకు ₹6,000 పింఛను, పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైతే ₹15,000. జబ్బు పేరు రాసిన కాగితం లేకపోతే ఈ తలుపు కూడా తెరుచుకోదు.

ఇక సంఘం స్థాయిలో. ప్రతి గ్రామ కమిటీ ఒక పుస్తకం పెట్టాలి. ముప్పై అయిదు నుంచి అరవై ఏళ్ళ మధ్య, నడక తగ్గినవారి వివరాలు వారి అనుమతితో రాయాలి. వయసు, పని, మందు కొట్టిన ఏళ్ళు, తాగే నీరు. ఆ పుస్తకం గ్రామం దాటి బయటకు పోకూడదు, లెక్క మాత్రమే మండలానికి రావాలి. ఆ లెక్క చేతిలో పట్టుకుని మనం అడిగేవి ఇవి.

ఒకటి, చింతలపూడి ప్రభుత్వాసుపత్రిలో కోలినెస్టరేజ్ పరీక్ష, బి12 పరీక్ష ఉచితంగా జరగాలి. రెండు, 2023లో మొదలైన ఏలూరు ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిలో నరాల డాక్టరు ఓపీ, నరాల వేగం పరీక్ష క్రమం తప్పకుండా ఉండాలి. మూడు, ప్రతి తాగునీటి బోరుకు ఏటా ఫ్లోరైడ్ పరీక్ష జరిపి, ఫలితం సచివాలయం గోడ మీద అతికించాలి. నాలుగు, మందు కొట్టే కూలీలకు రైతు సేవా కేంద్రాల ద్వారా చేతితొడుగులు, మాస్కు, కోటు ఉచితంగా ఇవ్వాలి. అయిదు, సదరం శిబిరం మండలానికి రావాలి. నడవలేని మనిషిని నడవలేడని నిరూపించుకోవడానికి ఏలూరు దాకా తిప్పడం న్యాయం కాదు.

మిత్రులారా! చేను ఎర్రబడితే ఆకు కోసుకుని రైతు సేవా కేంద్రానికి పరిగెడతాం. గేదె ఒక పూట మేత మానేస్తే పశువుల డాక్టరుకు ఫోన్ చేస్తాం. ఇంట్లో మనిషి కాలు ఈడుస్తుంటే మూడేళ్ళు చూస్తూ కూర్చుంటున్నాం. ఇక్కడినుంచి వెళ్ళాక మీ వీధిలో తూలుతూ నడిచే మనిషి ఎవరో ఒకసారి తలచుకోండి. వచ్చే కమిటీ సమావేశానికి ఆ మనిషిని, ఆ నాలుగు సంగతులు రాసిన కాగితంతో సహా, మీ బండి మీద తీసుకురండి.